జడ్జిగారి ముందరికాళ్ళు

అమ్మాయి వాళ్ళమ్మకు,

అమ్మాయి వాళ్ళ నాన్న రాసేది. ఇక్కడ నేనూ, మన జడ్జిగారూ, నువ్వు వరండాలో పెట్టి వెళ్ళిన మొక్కలూ, ఒక్కటి తప్ప, బాగానే ఉన్నాం. ఆ ఒక్కదాని సంగతి కింద ఎక్కడో వస్తుంది, కంగారుపడకు. నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ, ఇంకా పేరు కుదరని మనవరాలు చిన్నమ్మా కులాసాగా ఉన్నారని చదివి కుదుటపడ్డాను.

"మామయ్యగారు ఫోన్ చేసి చెప్పొచ్చుగా, ఈ కాగితాలెందుకు" అని అల్లుడు నవ్వుతున్నాడని రాశావు. ఫోన్లో నేను మాట్లాడేది సగం పసిదాని ఏడుపులో కలిసిపోతుంది. మిగతా సగంలో నేను అసలు సంగతికి వచ్చేలోపు నువ్వు "సరేలెండి, స్టవ్ మీద పాలున్నాయి" అంటావు. కాగితం నా మాటకి అడ్డం రాదు. పైగా నేను బడికెళ్ళి నేర్చుకున్న అక్షరాలు కావు ఇవి. పాత సోఫాలు విప్పినప్పుడు లోపల కుక్కిన పేపర్లు బయటికి తీసి, కూడబలుక్కుని చదువుకున్నవి. వాడకపోతే స్ప్రింగుల్లాగే తుప్పు పడతాయి.

ఇక నీ ప్రశ్నలు. కుక్క వీధిలో లాగుతున్నాడా, వస్తువులు కొరుకుతున్నాడా, మనుషుల మీదికి దూకుతున్నాడా అని అడిగావు. "డొంకతిరుగుడు లేకుండా రాయండి" అన్నదాని కింద గీత కూడా గీశావు. చూశాను. అమ్మాయికి మన ఊరికే బదిలీ అయింది, పసిపిల్లతో మన ఇంటికే వచ్చి ఉంటారు, పిల్లని ఎత్తుకున్న మనిషి మీద అంత కుక్క దూకితే ఏమవుతుందో నువ్వు చెప్పక్కర్లేదు. దూకడం మానకపోతే కాపలాకి ఇచ్చేస్తామని గోదాము ఆయనతో మాట్లాడే ఉంచావు కూడా. నీ భయం నాకు అర్థమైంది. అందుకే అన్నీ రాస్తున్నాను, కాకపోతే నా దారిలో.

వాణ్ణి మనకిచ్చిన రోజు గుర్తుందా? సోఫా బాగు చేయించుకున్నాయన ఊరు మారుతూ, అట్టపెట్టెలో పెట్టి ఇచ్చి వెళ్ళాడు. నల్లమూతి, నుదుటిమీద ముడతలు, కిందికి వేలాడే బుగ్గలు. పెట్టెలోకి తొంగిచూసి "ఇదేంటండీ, శిక్ష వేసే ముందు జడ్జిగారు చూసినట్టు చూస్తోంది" అన్నది నువ్వే. పేరు పెట్టిందీ నువ్వే. ఇప్పుడు చూస్తే ఆ పెట్టెలో పట్టినవాడేనా అంటావు. ఛాతీ తలుపంత అయింది. బుర్ర మాత్రం ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. పశువుల డాక్టరమ్మని అడిగితే, "ఈ బాక్సర్ జాతి కుక్కలంతే తాతగారూ. ఒళ్ళు గబగబా ఎదుగుతుంది. బుద్ధి రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది" అంది. "పర్వాలేదమ్మా, మా వీధిలో కొందరికి ఇంకా రాలేదు" అన్నాను.

లాగే సంగతి. నువ్వున్నప్పుడు మేమిద్దరం బయటికెళ్తే ఎవరు ఎవర్ని తీసుకెళ్తున్నారో వీధికి తెలిసేది కాదు. నువ్వు వెళ్ళాక పక్కింటి డ్రిల్లు మాస్టారు పూనుకున్నాడు. రిటైరయినా మెడలో విజిల్ తియ్యలేదుగా ఆయన.

"కుక్కకి కావలసింది క్రమశిక్షణ మేస్త్రీ! తాడు నా చేతికియ్యి. కవాతు చేయిస్తా."

విజిల్ ఊదాడు. జడ్జికి విజిల్ బాగా నచ్చింది, అది తనకే కావాలన్నాడు. మాస్టారు తాడు లాగాడు, వీడూ లాగాడు. ఆయన "ఆగు! ఆగు!" అని అరిచినకొద్దీ వీడు, నన్ను ఉత్సాహపరుస్తున్నారు కాబోలనుకుని జోరు పెంచాడు. వీధి మలుపులో మాస్టారు కరెంటు స్తంభాన్ని కావలించుకుని ఆగాడు. విజిల్ ఇవాళ్టికీ దొరకలేదు.

"మీవాడికి చెవుడయ్యా" అన్నాడు మర్నాడు.

డాక్టరమ్మ మాత్రం వేరేలా చెప్పింది. అరిచినా తోసినా వీళ్ళకి ఆటేనట. గట్టిగా కొట్టామా, మనసు చిన్నబుచ్చుకుని మూల చేరతారు తప్ప నేర్చుకోరట. లాగిన క్షణాన మనం ఆగిపోవాలి, తాడు వదులైతే నడవాలి, అంతే. మొదటిరోజు మా ఇద్దరికీ వీధి చివర కూడా కనిపించలేదు. నడిరోడ్డు మీద దిష్టిబొమ్మలా నిలబడితే వచ్చేపోయేవాళ్ళు "ఎవరికోసం మేస్త్రీ?" అని పలకరించడం. "తాడు వదులవడం కోసం" అంటే ఎవరికి అర్థమవుతుంది? పొట్టి ముక్కు కదా, మెడ బిగిస్తే ఊపిరాడదని సోఫాకి వేసే బెల్టు గుడ్డతో ఛాతీకి పట్టీ కుట్టాను. ఎండెక్కక ముందే తిప్పుతున్నాను. ఇప్పుడు ఇంటి నుంచి షాపుదాకా తాడు వేలాడుతూనే ఉంటోంది. బేకరీ దగ్గరి పిల్లి విషయంలో మాత్రం నేను హామీ ఇవ్వలేను.

కొరికే సంగతి. నీ ఎర్రచెప్పుల్లో ఎడమది లేదు. కుడిదాన్ని బీరువా పైన దాచాను, ఎందుకో నాకూ తెలియదు. సోఫాలు బాగుచేసేవాడి ఇంట్లో సోఫా చిరిగి ఉంటే వ్యాపారానికి ఎంత మంచిపేరో ఆలోచించు. వాణ్ణి తిట్టి లాభం లేదు, అందుబాటులో పెట్టినవాణ్ణి తిట్టుకోవాలి అంది డాక్టరమ్మ. స్పాంజి ముక్క మింగితే పొట్ట కొయ్యాల్సి వస్తుందని బెదిరించాక షాపులో స్పాంజి అంతా పైఅరలకి ఎక్కించాను. కాన్వాసు గుడ్డ ముడులేసి, తడిపి, ఫ్రిజ్జులో గడ్డకట్టించి ఇస్తున్నాను. అది దొరికితే గంటసేపు లోకం అక్కర్లేదు వాడికి. ఆటలో నా చెయ్యి నోట్లో పెట్టుకుంటే మారు మాట్లాడకుండా లేచి గదిలోంచి వెళ్ళిపోతాను. ఆట ఆగిపోతే వాడికి ప్రాణం పోయినట్టుంటుంది. ఇప్పుడు చెయ్యి దగ్గరికొస్తే నాకి వదిలేస్తున్నాడు.

పళ్ళంటే గుర్తొచ్చింది. నీకు చెప్పానో లేదో, ఒకసారి ఒక పెద్దావిడ సోఫా విప్పితే సీటు కింద కట్టుడుపళ్ళు బయటపడ్డాయి. కోడలే పారేసిందని ఆవిడ ఏడాదిగా కోడలితో మాటలు లేకుండా ఉంటోందట. తీసుకెళ్ళి ఇస్తే, "ఇవి నావి కావు బాబూ, నావి ఇంత పచ్చగా ఉండవు" అంది. కడిగి పెట్టుకుని చూసింది. పెట్టుకున్నాక మాట ఎంత స్పష్టంగా వచ్చిందంటే, మొదటి మాట కోడల్నే తిట్టింది, "నువ్వు సరిగ్గా వెతకలేదు" అని. ఎందుకు చెప్తున్నానంటే, పళ్ళున్న ప్రాణి ఏదైనా వాటిని ఎక్కడో ఒకచోట పెట్టక తప్పదు.

ఇక దూకే సంగతి. కాస్త టీ పెట్టుకుని వచ్చి రాస్తాను.

వచ్చాను. పోయిన ఉత్తరంలో "చాలావరకు మానేశాడు" అని రాశాను. అది సగం నిజం. ముందు ఆ సగం చెప్తాను. ఎవరొచ్చినా చేతులు కట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, పలక్కుండా నిలబడాలి. నాలుగుకాళ్ళూ నేలమీద ఉంటేనే పలకరింపు. కూర్చుంటే బిస్కెట్టు ముక్క. పాలావిడ, పేపరాయన, డాక్టరమ్మ, అందరూ పాపం నామాట విని అలాగే చేశారు. ఇప్పుడు వాళ్ళెవరొచ్చినా వాడు టపీమని కూర్చుని తీర్పు చదవబోతున్నట్టు చూస్తాడు.

ఒక్క నామీద మాత్రం దూకుతాడు. సాయంత్రం షాపు నుంచి రాగానే రెండుకాళ్ళూ నా భుజాలమీద. ఇది నీకు రాయలేదు.

పదిరోజుల కింద వాన పడింది. డ్రిల్లు మాస్టారు గొడుగు లేకుండా పరిగెత్తుకొచ్చి మన వరండా ఎక్కి, చొక్కామీద నీళ్ళు రెండుచేతులా టపటపా దులుపుకున్నాడు. లోపల్నుంచి జడ్జి బాణంలా వచ్చి ఆయన భుజాలమీద కాళ్ళేశాడు. ఇద్దరూ కలిసి వెళ్ళి నీ మల్లెకుండీలో పడ్డారు. మాస్టారికి దెబ్బలేం తగల్లేదు. నేను కుండీ దగ్గర కూలబడి "అయ్యో అయ్యో" అంటుంటే, "పడింది నేనయ్యా! మొక్కని పరామర్శిస్తావేంటి?" అన్నాడు. ఆ ఒక్క మొక్క సంగతి అదీ.

ఆ మర్నాడే నీ ఉత్తరం వచ్చింది. అందులో పసిదాని గురించి రాశావు చూడు, "పాలు తాగిన ప్రతిసారీ భుజాన వేసుకుని వీపు తట్టాలి, లేకపోతే కక్కేస్తోంది. అమ్మాయి ఇల్లంతా తిరుగుతూ తడుతూనే ఉంటోంది" అని. ఎంత ముచ్చటగా రాశావో! ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ నాలుగుసార్లు చదివాను.

ఎందుకో చెప్తాను. దీనికే ఇంత దూరం తిరిగి వచ్చాను.

మన పెళ్ళయిన కొత్తలో నువ్వొక షరతు పెట్టావు. "ఆ పీచూ, ఆ దుమ్మూ గుమ్మం బయటే దులుపుకుని లోపలికి రండి" అని. ఆనాటి నుంచి నేను గుమ్మంలో నిలబడి గుండెలమీద రెండు చేతులతో టపటపా కొట్టుకోకుండా ఇంట్లో అడుగుపెట్టింది లేదు. ఆ చప్పుడు వినే నువ్వు స్టవ్ వెలిగించేదానివి. నువ్వు అమ్మాయి దగ్గరికి వెళ్ళిన కొత్తలో ఒక సాయంత్రం అలాగే దులుపుకుంటుంటే జడ్జి వచ్చాడు. రమ్మని గుండె తట్టి పిలిచాననుకున్నాడో ఏమో, ముందరికాళ్ళు ఎత్తి నా రెండు భుజాలమీద వేశాడు. మొహంలో మొహం పెట్టి చూశాడు. తర్వాత తల నా మెడవంపులో పెట్టి ఒక్క నిట్టూర్పు విడిచాడు.

అప్పుడే నేను పక్కకి తిరగాల్సింది. తిరగలేదు. నువ్వు వెళ్ళాక ఈ ఇంట్లో తలుపు తీస్తే నాకు ఎదురొచ్చేది తలుపు చప్పుడు ఒక్కటే. అలాంటిది, ఒకడు పరిగెత్తుకొచ్చాడు.

అంతటితో ఆగితే పొరపాటు అనుకోవచ్చు. ఆగలేదు. షాపు సెలవు రోజున నాకు దుమ్మెక్కడిది? ఉతికిన చొక్కా. అయినా బయటికెళ్ళి, బేకరీ దాకా ఉత్తినే నడిచి, తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడి ఆ ఉతికిన చొక్కా టపటపా దులుపుకున్నాను. ఒకసారి కాదు. ప్రతి సెలవుకీ. డాక్టరమ్మ "దూకే ముందు ఏం జరుగుతోందో కనిపెట్టండి తాతగారూ, ఏదో ఒకటి ఉంటుంది" అని అడిగితే, "ఏమీ లేదమ్మా" అని మొహమ్మీదే అబద్ధమాడాను. ఊళ్ళోవాళ్ళందరికీ మొహం తిప్పుకోమని పాఠం చెప్పిన పెద్దమనిషి, వాడికి దూకడం నేర్పిన పెద్దమనిషీ ఒక్కడే.

ఇక మీదట ఈ ఇంట్లో టపటపా అని చప్పుడైతే అది ఎవరి వీపు మీదో నువ్వే రాశావు కదా.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఆ పూటే డాక్టరమ్మ దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తల వంచుకుని ఏదో రాసుకుంటున్నట్టు నవ్వు దాచుకుంది. "ఆ చప్పుడు మానేస్తే చాలదు తాతగారూ. ఎలాగూ మోగుతుంది. ఆ చప్పుడుకి అర్థం మార్చాలి. టపటపా అంటే కూర్చోవడం అని నేర్పండి" అంది.

షాపులో కూర్చుని ఒక పాపని కుట్టాను. పైన మెత్తటి గుడ్డ, లోపల దూది, అడుగున బరువుకి ఇసుకమూట. నువ్వు రాసిన చిన్నమ్మ బరువు వచ్చేదాకా విప్పి కుట్టి, విప్పి కుట్టి. ఇన్నేళ్ళు పెద్దపెద్దవాళ్ళ సోఫాలు కుట్టాను గానీ ఇంత శ్రద్ధగా ఏదీ కుట్టలేదు. దాన్ని భుజాన వేసుకుని వరండాలో పచార్లు చేస్తూ తట్టడం మొదలుపెట్టాను. ముందు దూరంగా, మెల్లగా. జడ్జి లేచాడా, నేను మొహం తిప్పుకుని ఆగిపోతాను. కూర్చున్నాడా, బిస్కెట్టు ముక్క నేలమీద, వాడి కాళ్ళ దగ్గర. పైకి చూస్తే ఏమీ దొరకదు, కిందే అన్నీ.

డ్రిల్లు మాస్టారు గోడమీంచి చూశాడు.

"ఏంటి మేస్త్రీ, మనవరాలు వచ్చేసిందా?"

"లేదు. రిహార్సల్."

"ఎవరికి?"

"మా ఇద్దరికీ."

ఆయన నిలవలేకపోయాడు. గేటు తీసుకుని వచ్చేశాడు. "ఎత్తుకోవడం అలాగేనా? మెడ పట్టుకోవయ్యా, మెడ! పసిపిల్లలకి మెడ నిలవదు!" అని నా చేతుల్లోంచి లాక్కుని, ఆ ఇసుకమూటని భుజాన వేసుకుని, జోకొడుతూ తిరిగాడు. అంత కవాతు మనిషీ ఎంత మెల్లగా అడుగులు వేశాడనుకున్నావు! జడ్జి ఆయన వెంట రెండడుగులు వేసి, ఆ తట్టుడు విని, వరండా మధ్యలో కూర్చున్నాడు. మాస్టారు విజిల్ కోసం మెడ తడుముకున్నాడు, సంతోషంలో.

నేను దుమ్ము ఇప్పుడు షాపులోనే దులుపుకుని వస్తున్నాను. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడుతున్నాను. వాడు కూర్చునేదాకా నేనెవరో, వాడెవరో. ఇది చెప్పినంత తేలిక కాదు. మొదటి సాయంత్రం వాడు వచ్చి, కాళ్ళెత్తి, నేను పక్కకి తిరిగేసరికి ఎటు దిగాలో తెలియక, నేనేమైపోయానో అన్నట్టు చుట్టూ తిరిగి నా మొహం వెతికాడు. గోడవైపు తిరిగి నిలబడ్డాను. గోడకి సున్నం వెయ్యాలి, పెచ్చులూడుతోంది.

డొంకతిరుగుడు వద్దన్నావు కాబట్టి ఇదీ రాస్తున్నాను. నిన్న ఆ పాపని ఎత్తుకుని తడుతుంటే వాడి ముందరికాళ్ళు లేచాయి. గాల్లో ఆగాయి. ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ దిగాయి, వాడు కూర్చున్నాడు. దిగినందుకు బిస్కెట్టిచ్చాను. లేచినందుకు నీకు రాస్తున్నాను.

గోదాము కూడా వెళ్ళి చూశాను. ఆయన చెడ్డవాడు కాదు. "ఇక్కడ ఎవరిమీద దూకినా నాకేం బాధలేదు మేస్త్రీ, పైగా అందుకేగా" అన్నాడు. రేకుల కప్పు. కింద పొట్టి గొలుసు. పగలంతా కట్టేసి ఉంచుతారట. పొట్టి ముక్కు కుక్క ఆ వేడికి తట్టుకోవడం కష్టమని డాక్టరమ్మ చెప్పింది. నేర్పింది నేను, శిక్ష వాడికి. పేరుకేమో జడ్జి వాడు.

అయినా పసిదాని కన్నా ఎక్కువ కాదు. అందుకని ఇలా చేద్దాం. మీరు బండి దిగగానే అమ్మాయినీ, పిల్లనీ మాస్టారింట్లో కూర్చోబెట్టు. వాళ్ళావిడ ఇప్పటికే కుర్చీలు తుడుస్తోంది. నువ్వొక్కదానివే మన గుమ్మంలోకి రా. నేను కుట్టిన పాపని తలుపు పక్కన పెడతాను. దాన్ని ఎత్తుకుని, అమ్మాయి తట్టినట్టే తట్టు. నేనేమీ మాట్లాడను, సైగ కూడా చెయ్యను. దూకాడా, ఆ పూటే నేనే తాడు పట్టుకుని గోదాముకి నడిపిస్తాను, ఒక్కమాట మాట్లాడను. కూర్చున్నాడా, అప్పుడు కూడా గొప్పలు పోను. వంటింటికీ ముందుగదికీ మధ్య చెక్కగేటు బిగించాను. మొదట్లో తాడుమీదే ఉంటాడు. పిల్లనీ వాణ్ణీ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలం, ఎంత బుద్ధిమంతుడైనా సరే. ఇది డాక్టరమ్మ మాట, నాదీను.

నువ్వు వచ్చేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకో. గుమ్మంలో వాడు నిన్ను చూసి ఊగిపోతాడు. తోక కాదు, వెనకభాగమంతా ఊపుతాడు. నువ్వు పెట్టిన పేరు కదా అని కరిగిపోకు. మొహం తిప్పుకుని, పలక్కుండా నిలబడు. కుదురుగా కూర్చున్నాకే దగ్గరికి తీసుకో.

అక్కడే కుర్చీ వేసుకుని నేనూ ఉంటాను. నన్ను కూడా వెంటనే పలకరించకు. మొహం అటు తిప్పుకునే ఉండు. నేను కుర్చీలోంచి లేస్తే లెక్కచెయ్యకు. మళ్ళీ కూర్చున్నాకే "ఎలా ఉన్నారండీ" అను.

ఇట్లు,
కుర్చీలో కూర్చోవడం నేర్చుకుంటున్న
అమ్మాయి వాళ్ళ నాన్న